ఉలవపాడు పేరు నిలిపేది పక్వమైన బంగినపల్లి

సింగరాయకొండ: వేసవి వచ్చిందంటే సింగరాయకొండ దాటి ఉలవపాడు మీదుగా కావలి వైపు సాగే జాతీయ రహదారి పక్కన మామిడి పండ్ల దుకాణాలు వెలుస్తాయి. చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే ఈ మార్గంలో ప్రయాణించేవారు వాహనాలు ఆపి, అది ఉలవపాడు కాయేనని రూఢి చేసుకొని మరీ కొనుగోలు చేయడం పరిపాటి. బంధువుల ఇంటికి వెళ్లేవారు బుట్టెడు ఉలవపాడు మామిడి పట్టుకుపోవడం కోస్తా జిల్లాలలో మర్యాదగా స్థిరపడింది.

ఈ పేరు వెనుక ఉన్న పండు బంగినపల్లి. ఇది తరతరాలుగా అంట్ల ద్వారా కొనసాగుతూ వస్తున్న తెలుగునాటి పాత రకం. దీని గుణగణాలు ఏమిటి, అసలైన కాయను గుర్తించడం ఎలా, ఆ గుణాలు కొనుగోలుదారుని చేతికి చేరే లోపల ఎక్కడ దెబ్బతింటున్నాయి అన్న విషయాలు రైతులకే గాక వర్తకులకు, అధికారులకు కూడా తెలియవలసి ఉంది. ఎందుకనగా పండు పేరు మీద సంపాదించిన నమ్మకం ఒకసారి సడలితే దానిని తిరిగి నిలబెట్టుకోవడం సులభం కాదు.

నేల స్వభావం

గుంటూరు, ప్రకాశం మైదానాలు అనగానే నల్లరేగడి నేలలు, పత్తి, మిరప పంటలు స్ఫురణకు వస్తాయి. అయితే సముద్ర తీరానికి చేరువయ్యే కొలది నేల మారుతుంది. సింగరాయకొండ, ఉలవపాడు ప్రాంతాలలో నీరు నిలవని ఇసుక నేలలు, ఎర్ర గరప నేలలు కనిపిస్తాయి. వేళ్ల వద్ద నీరు నిలిస్తే మామిడి ఓర్వదు. లోతుగా వేళ్లు పాతుకునేందుకు వీలున్న తేలిక నేలలు దానికి అనుకూలం. అందువల్లనే ఇక్కడ మామిడి, సపోటా తోటలు విస్తరించాయి.

పరిపాలనాపరంగా ఈ ప్రాంతం అనేక మార్పులను చూసింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఉలవపాడు మండలాన్ని తిరిగి నెల్లూరు జిల్లాలో చేర్చగా, సింగరాయకొండ ప్రకాశం జిల్లాలోనే కొనసాగింది. సరిహద్దులు ఎన్ని పర్యాయాలు మారినా ఉలవపాడు మామిడి అన్న వాడుక మాత్రం మారలేదు.

పేరు, పుట్టుపూర్వోత్తరాలు

ఈ రకానికి పేరు తెచ్చిన ఊరు నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె. ఒకనాడు అది చుట్టూ బ్రిటిషు పాలిత ప్రాంతం ఉన్న చిన్న సంస్థానం. నవాబుల ఏలుబడిలో ఉండిన ఈ సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. నవాబుల తోటలలో ఆదరణ పొందిన మామిడి అంట్ల రూపంలో ఊళ్లు దాటి, రాయలసీమలోను, కోస్తాలోను, తెలంగాణలోను వ్యాపించింది. వెళ్లిన చోటల్లా ఒక్కొక్క పేరు సంతరించుకుంది. బంగినపల్లి, బంగనపల్లి అన్నవి ఊరి పేరును బట్టి వచ్చినవి. తెలంగాణలో బేనిషాన్ అన్న పేరు వాడుకలో ఉంది. పారశీక భాషలో ఈ మాటకు మచ్చ లేనిది, గుర్తు లేనిది అని అర్థం చెబుతారు. కొన్నిచోట్ల సఫేదా అని, చప్పటై అని కూడా పిలుస్తారు. పేర్లు ఎన్ని ఉన్నా రకం ఒక్కటే.

పండు లక్షణాలు

తెలుగువారు మామిడిని వాడుకలో రెండు తెగలుగా విభజిస్తారు. చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం వంటివి మెత్తగా పిసికి రసం పీల్చుకు తినే పండ్లు. బంగినపల్లి ఇందుకు భిన్నంగా కోసుకొని తినే జాతికి చెందినది. దీని ప్రధాన లక్షణాలను ఈ విధంగా పేర్కొనవచ్చు.

ఆకారం: కాయ పెద్దది. కోలగా ఉండి, ఒక వైపునకు కొద్దిగా ఒరిగినట్లు కనిపిస్తుంది. తోతాపురి కాయకు ఉన్నట్లు కొసన స్పష్టమైన ముక్కు ఉండదు. సగటున ఒక్కొక్క కాయ 350 నుండి 400 గ్రాముల వరకు తూగుతుంది.

రంగు: మాగిన పండు మేలిమి బంగారు పసుపు రంగుకు తిరుగుతుంది. సువర్ణరేఖ పండు భుజాల మీద కనిపించే ఎర్రని జీర దీనికి సాధారణంగా ఉండదు. తొక్క పలుచగా, నునుపుగా ఉంటుంది. దాని మీద లేత చుక్కలు సన్నగా కనిపిస్తాయి.

గుజ్జు: లోపలి కండ గట్టిగా, పసుపు వన్నెతో ఉంటుంది. కత్తితో కోసినప్పుడు ముక్క విరగక, రసం కారిపోక నిలుస్తుంది. పీచు దాదాపు ఉండదు. తీపి ఎక్కువ, పులుపు తక్కువ. ఈ గట్టిదనం మూలంగానే ముక్కలను డబ్బాలలో నిల్వ చేయడానికి, గుజ్జు తీయడానికి కూడా ఈ రకం పనికివస్తుంది.

టెంక: కోలగా ఉంటుంది. దానిని అంటి ఉండే పీచు పలుచగా, మెత్తగా ఉంటుంది. టెంకలోని జీడి సన్ననిది.

నిల్వ గుణం: తొక్క పలుచనిదే అయినా కండ గట్టిది కావడం వలన రసాల కంటె ఎక్కువ రోజులు నిలుస్తుంది. దూర ప్రాంతాల మార్కెట్లకు పంపేందుకు రైతులు, వర్తకులు దీనిని ఎంచుకోవడానికి ఇదే ముఖ్య కారణం. అయితే శీతల గిడ్డంగిలో ఉష్ణోగ్రతను మరీ తగ్గించరాదు. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ చలిలో ఉంచిన పచ్చికాయ తొక్క నల్లబారి, ఆ తరువాత సరిగా మాగదు.

అంటుతోనే వంశం

టెంక నాటితే బంగినపల్లి చెట్టు రాదా అన్న సందేహం పలువురికి కలుగుతుంది. మామిడి పూతలో పర పరాగ సంపర్కం జరుగుతుంది. ఈగలు, తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడిని మరొక చెట్టు పూలకు చేరుస్తాయి. అందువలన బంగినపల్లి టెంకలో ఏర్పడే ఏకైక పిండం తల్లి గుణాలతో పాటు తెలియని తండ్రి గుణాలను కూడా పుణికి పుచ్చుకుంటుంది. ఆ మొక్క కాపుకు వచ్చిన పిదప కాయ పులుపో, పీచో ముందుగా ఎవరూ చెప్పలేరు.

కావున నాటు టెంక నుండి మొలిచిన మొక్కపై బంగినపల్లి కొమ్మను అంటు కట్టడమొక్కటే ఈ రకాన్ని నిలిపే మార్గం. వేరు నాటుదై, పైభాగం బంగినపల్లిదై చెట్టు పెరుగుతుంది. ప్రపంచంలో పేరొందిన ఆపిల్ రకాల సంగతి కూడా ఇంతే. అక్కడ సైతం విత్తనంతో రకం నిలవదు, అంటుతోనే శతాబ్దాల తరబడి కొనసాగుతుంది. ఆ విధంగా చూస్తే నేడు ఉలవపాడు తోటలో ఉన్న బంగినపల్లి చెట్టు, ఒకనాడు బనగానపల్లెలో పెరిగిన చెట్టు కొమ్మకు కొనసాగింపే తప్ప వేరొకటి కాదు.

ఈ కారణంగా అంటు మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే దాని ఫలితం నాలుగైదేళ్ల తరువాత గాని బయటపడదు. అప్పటికి రైతు పెట్టుబడి, కాలం రెండూ ఖర్చయిపోతాయి. మేలైన కాపు గల తల్లి చెట్ల నుండి తీసిన కొమ్మలతో కట్టిన అంట్లనే, గుర్తింపు పొందిన నర్సరీల నుండి పొందాలని ఉద్యాన నిపుణులు సూచించేది ఇందువల్లనే. పరిశోధకులు సైతం బంగినపల్లి సద్గుణాలను కొత్త రకాలలోనికి తెచ్చే ప్రయత్నాలు చేశారు. నీలం, బేనిషాన్ రకాల సంకరంతో రూపొందిన నీలేషాన్ ఇందుకు ఒక ఉదాహరణ.

పూత నుండి కోత వరకు

సాధారణంగా డిసెంబరు, జనవరి మాసాలలో చెట్లు పూతకు వస్తాయి. ఒక్కొక్క పూగుత్తిలో వందలాది పూలు ఉన్నా వాటిలో అధిక భాగం మగ పూలే. మిగిలిన వాటిలో పిందె కట్టి, చివరి వరకు నిలిచేవి బహు స్వల్పం. ఈ దశలో తేనెమంచు పురుగు, తామర పురుగులు, బూడిద తెగులు పూతను ఆశిస్తాయి. మబ్బు పట్టి, మంచు కురిసే రోజులు వీటికి అనుకూలం. అయితే పూలు విచ్చుకున్న తరుణంలో విచక్షణారహితంగా పురుగుమందులు చల్లితే పుప్పొడి మోసే ఈగలు, తేనెటీగలు నశించి పిందె కట్టడమే తగ్గుతుంది.

ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు తగ్గి కాయడం మామిడి నైజం. బంగినపల్లి ఇందుకు మినహాయింపు కాదు. దీనికి తోడు కోతకు వచ్చే ఏప్రిల్, మే మాసాలలోనే ఈదురు గాలులు వీస్తాయి. తీరప్రాంతం తుపానులకు సైతం లోనవుతుంది. 2010 మే 20వ తేదీన బాపట్ల సమీపాన తీరం దాటిన లైలా తుపాను మామిడి కాలంలో వచ్చినదే. కాయ పెద్దది, బరువైనది కావడం వలన గాలికి రాలడం కూడా ఎక్కువే. రాలిన కాయ దెబ్బ తింటుంది కనుక దానికి పచ్చడి కాయ ధర మాత్రమే లభిస్తుంది. గాలి వస్తుందన్న భయమే రైతును తొందరపడి కోతకు పురికొల్పుతుంది.

పక్వతను గుర్తించే విధం

పిందె కట్టిన నాటి నుండి కాయ పూర్తిగా ముదరడానికి సుమారు 100 నుండి 120 రోజులు పడుతుంది. పైన చెప్పిన గుణాలన్నీ, అనగా తీపి, పరిమళం, బంగారు వన్నె, ఈ గడువు పూర్తయిన కాయలోనే వ్యక్తమవుతాయి. కాయలో పేరుకున్న పిండి పదార్థమే మాగే సమయంలో చక్కెరగా మారుతుంది. ముదరక ముందే కోసిన కాయలో ఆ పిండి పదార్థం చాలినంత ఉండదు. దానిని ఏ పద్ధతిలో మాగబెట్టినా పైకి రంగు వస్తుందే గాని లోపల తీపి రాదు.

ముదిరిన కాయను కొన్ని గుర్తులతో తెలుసుకోవచ్చు. తొడిమ చుట్టూ భుజాలు పైకి ఉబికి, తొడిమ మొదలు గుంటలో ఉన్నట్లు కనిపిస్తుంది. ముదురాకుపచ్చ రంగు లేతబారుతుంది. తొక్క మీది చుక్కలు స్పష్టమవుతాయి. చెట్టున ఒకటి రెండు పండ్లు తమంతట తాము మాగి రాలడం కోతకు వేళ అయినదనడానికి రైతులు ఎరిగిన పాత సూచన. నీటి పరీక్ష కూడా తేలికైనదే. ముదిరిన కాయ నీటిలో మునుగుతుంది, లేత కాయ తేలుతుంది.

కోసే విధానం కూడా ముఖ్యమే. కొమ్మలను కుదిపి రాల్చరాదు. పొడవాటి గడకు కట్టిన చిక్కంతో, కొద్దిపాటి తొడిమ ఉండేటట్లు కోయాలి. తొడిమ తెగిన చోట కారే సొన కాయ మీద పడితే తొక్క కమిలి నల్లని చారలు ఏర్పడతాయి. మచ్చ లేనిదన్న పేరు గల పండుకు ఇది పెద్ద లోపం. అందుచేత కాయలను తొడిమ కిందికి ఉండేటట్లు కొంతసేపు ఉంచి, సొన కారిపోయిన తరువాత శుభ్రపరచాలి. కాయ దశలోనే కాగితపు సంచులు తొడగడం, పండు ఈగను ఆకర్షించే ఎరలు అమర్చడం ద్వారా మచ్చలను, పురుగును నివారించి నాణ్యమైన కాయను పొందవచ్చు.

మాగబెట్టడంలో మేలు, కీడు

పూర్వం ఇళ్లలో, తోటలలో వరిగడ్డి పరచి, కాయలను వరుసలుగా పేర్చి, మరల గడ్డి కప్పి మాగవేసేవారు. కాయ తనంతట తాను విడుదల చేసే ఇథిలీన్ వాయువు ఆ వెచ్చదనంలో నిలిచి, వారం పది రోజులలో పండు తయారయ్యేది. సరుకు పెరిగి, వ్యాపారం వేగవంతమైన కొలది ఆ ఓపిక తగ్గింది. కొందరు వర్తకులు కాల్షియం కార్బైడ్‌ను ఆశ్రయించారు.

కార్బైడ్ తేమ తగిలినపుడు ఎసిటిలీన్ వాయువును వెలువరిస్తుంది. అది తొక్కకు త్వరగా పసుపు రంగు తెప్పిస్తుంది. అయితే వెల్డింగ్ వంటి పరిశ్రమల పనులకు ఉద్దేశించిన ఈ పదార్థంలో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్లు ఉండే అవకాశం ఉన్నందున ఇది ఆరోగ్యానికి హానికరం. ఆహార కల్తీ నిరోధక నిబంధనల కాలం నుండే పండ్లకు దీని వాడకం నిషిద్ధం. ప్రస్తుతం 2011 నాటి ఆహార భద్రత, ప్రమాణాల (అమ్మకాలపై నిషేధం, పరిమితులు) నిబంధనలు కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధిస్తున్నాయి. ఇందుకు ప్రత్యామ్నాయంగా భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో ఇథిలీన్ వాయువు వినియోగాన్ని అనుమతించింది. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లకు మించకుండా, మూసివేసిన గదులలో తగిన ఉష్ణోగ్రత, తేమ ఉండేటట్లు చూస్తూ దీనిని వాడవచ్చు. ఇథిలీన్ వెలువరించే పొట్లాలను వాడేటప్పుడు అవి నేరుగా కాయలకు తగలరాదు.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించవలసి ఉంది. ఇథిలీన్ కాయలో సహజంగా జరిగే ప్రక్రియనే త్వరితం చేస్తుంది. అది లేత కాయను ముదర కాయగా మార్చదు. కార్బైడ్ వాడకానికి, తొందరపాటు కోతకు సంబంధం ఉన్నది ఇందులోనే. సీజను మొదట్లో ధర ఎక్కువ. ఆ ధర కోసం లేత కాయ కోస్తారు. లేత కాయ తనంతట మాగదు కనుక రంగు కోసం రసాయనం వేస్తారు. కొన్న వ్యక్తి ఇంటికి వెళ్లి కోసి చూస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉంటుంది. మరుసటి వారం నిజంగా ముదిరిన కాయ మార్కెట్టుకు వచ్చేసరికి అతడు కొనడానికి జంకుతాడు. ఆ విధంగా కొందరి తొందరపాటుకు మూల్యం చెల్లించేది గడువు వరకు వేచి ఉన్న రైతు.

భౌగోళిక గుర్తింపు

దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో రూపొంది 2003 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చింది. ఒక ప్రాంతపు నేల, వాతావరణం, అక్కడి ప్రజల నైపుణ్యం వలన ప్రత్యేకత పొందిన ఉత్పత్తుల పేర్లకు ఈ చట్టం రక్షణ కల్పిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖ తరఫున దాఖలైన దరఖాస్తు మేరకు చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ 2017 మే నెలలో బనగానపల్లె మామిడిని నమోదు చేసింది. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను ప్రధాన కేంద్రంగా పేర్కొంటూ, కోస్తా, రాయలసీమ ప్రాంతాలను, తెలంగాణలోని కొన్ని జిల్లాలను కూడా ఇందులో చేర్చారు. ఆ విధంగా కోస్తాలోని ఉలవపాడు తోటలు కూడా ఈ గుర్తింపు పరిధిలోనికి వచ్చాయి.

నమోదు జరిగినంత మాత్రాన ప్రతి రైతుకు ప్రయోజనం తనంత తానుగా చేకూరదు. పేరును చట్టబద్ధంగా వినియోగించుకోగోరే ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావలసి ఉంటుంది. నమోదు కాలపరిమితి పదేళ్లు. గడువు ముగిసిన పిదప పునరుద్ధరించుకోవాలి. రైతు సంఘాలు ఈ విషయంలో చొరవ చూపితే, వేరొక రకాన్ని బంగినపల్లి పేరున విక్రయించే వారిపై చర్యకు అవకాశం కలుగుతుంది.

విదేశీ మార్కెట్లలోను ఈ రకానికి స్థానం ఉంది. జపాన్ ప్రభుత్వం రెండు దశాబ్దాల నిషేధానంతరం 2006లో అనుమతించిన ఆరు భారతీయ మామిడి రకాలలో బంగినపల్లి ఒకటి. పండు ఈగ లేదని నిర్ధారించేందుకు వేడి ఆవిరి శుద్ధిని ఆ దేశం తప్పనిసరి చేసింది. 2007లో అమెరికా సైతం వికిరణ ప్రక్రియకు లోబడి భారతీయ మామిడికి తలుపులు తెరిచింది. 2021లో కృష్ణా, చిత్తూరు జిల్లాల రైతుల నుండి సేకరించిన బంగినపల్లి, సువర్ణరేఖ పండ్లు 2.5 టన్నులు తిరుపతిలో వేడి ఆవిరి శుద్ధి పొంది దక్షిణ కొరియాకు ఎగుమతి అయ్యాయి. పరిమాణం స్వల్పమే అయినా, మచ్చ లేని, సమంగా ముదిరిన కాయకే ఈ దారి తెరిచి ఉంటుందన్న పాఠం ఇందులో ఉంది.

ముదురు తోటల సమస్య

పాత పద్ధతిలో చెట్టుకు చెట్టుకు పది మీటర్ల ఎడం ఉంచి, ఎకరాకు 40 చెట్ల వంతున నాటేవారు. అటువంటి తోటలు కాలక్రమాన గుబురుగా పెరిగి, కొమ్మలు కలిసిపోయి, లోపలికి ఎండ సోకక కాపు తగ్గుతాయి. ఎత్తు పెరగడం వలన మందు చల్లడం, చిక్కంతో కోయడం కూడా కష్టమవుతాయి. ఈ దశలో చెట్లను నరికివేసి వేరే పంట వేయడమా, నిలుపుకోవడమా అన్న మీమాంస రైతుకు ఎదురవుతుంది.

ముదురు చెట్టును నరకకుండానే తిరిగి కాపుకు తీసుకురావచ్చు. ప్రధాన కొమ్మలను తగిన ఎత్తులో కత్తిరించి, కోసిన చోట రాగి సంబంధమైన మందు పూసి, తరువాత వచ్చే చిగుళ్లలో బలమైన వాటిని మాత్రమే ఉంచాలి. రెండు మూడేళ్లలో చెట్టు కొత్త కొమ్మలతో కాపుకు వస్తుంది. కాపు నాణ్యత లేని చెట్లపై ఈ సందర్భంలోనే మేలైన బంగినపల్లి అంట్లు కట్టవచ్చు. ఈ మధ్య కాలంలో వరుసల నడుమ అంతర పంటల ద్వారా కొంత ఆదాయం పొందవచ్చు. ముదురు తోటల పునరుద్ధరణ 2005-06లో ప్రారంభమైన జాతీయ ఉద్యాన మిషన్‌లో ఒక అంశం. 2014-15 నుండి ఈ మిషన్ సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో భాగమైంది.

అందరి బాధ్యత

బంగినపల్లి గుణాలు చెట్టు ఇచ్చినవి. వాటిని నిలపడం మాత్రం మనుషుల చేతిలో ఉంది. నాణ్యమైన అంటును ఎన్నుకోవడం, గడువు వరకు కాయను చెట్టున ఉంచడం రైతు బాధ్యత. అనుమతించిన పద్ధతిలోనే మాగబెట్టడం వర్తకుని బాధ్యత. సీజను ప్రారంభం నుండే మార్కెట్లలో, గిడ్డంగులలో తనిఖీలు నిర్వహించడం ఆహార భద్రతా యంత్రాంగం బాధ్యత. చైత్రం రాకమునుపే పసుపు వన్నెతో మెరిసే పండును చూసి మోసపోక, మరికొన్ని రోజులు ఆగడం కొనుగోలుదారునికి కూడా మేలు చేస్తుంది.

అంటు కొమ్మగా బయలుదేరి బనగానపల్లె నుండి ఉలవపాడు వరకు వచ్చిన ఈ రకం తన గుణాన్ని ఎక్కడా మార్చుకోలేదు. రహదారి పక్కన దుకాణంలో ఉలవపాడు కాయ అని చెప్పిన మాట, ఇంటికి వెళ్లి పండు కోసిన తరువాత కూడా నిజమని తేలిన నాడే ఈ ప్రాంతపు రైతు శ్రమకు తగిన విలువ దక్కుతుంది.